పాఠాలు, పీడీఎఫ్‌లు, కాపీరైట్: అధ్యాపకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో కూర్చునే నన్ను "ఈ పుస్తకం ఉందా?" అని అడిగేవాళ్లు తగ్గిపోయారు. "ఈ పీడీఎఫ్ పంపితే తప్పా?" అని అడిగేవాళ్లు పెరిగారు. విద్యా సంవత్సరం మొదలవగానే ఒక విడత, పరీక్షల ముందు మరో విడత, వార్షికోత్సవం మర్నాడు ఇంకో విడత అవే అనుమానాలు వస్తుంటాయి. అందుకే ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టి అక్కడే ఆగిపోవచ్చు. చెప్పినదంతా మన దేశపు కాపీరైట్ చట్టం, 1957 ప్రకారమే. చేతికి కోర్టు నోటీసు అందినవాళ్లు మాత్రం న్యాయవాది దగ్గరకు వెళ్లాలి, గ్రంథాలయానికి కాదు.

## పాఠం సిద్ధం చేసుకునేటప్పుడు

కాపీరైట్ గుర్తు ఎక్కడా లేదు. వాడుకోవచ్చు కదా?

గుర్తు లేనంత మాత్రాన హక్కు లేనట్టు కాదు. రాసిన క్షణంలోనే, గీసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. గుర్తు వేయనక్కర్లేదు, రిజిస్టర్ చేయించనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఉంటే వివాదం వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. మీ విద్యార్థి లెక్కల నోటు పుస్తకం చివరి పేజీలో రాసుకున్న కవితకూ ఈ హక్కు ఉంటుంది. ఆలోచనకు, వాస్తవానికి, సూత్రానికి మాత్రం కాపీరైట్ ఉండదు. కిరణజన్య సంయోగక్రియ ఎవరి సొత్తూ కాదు. దాన్ని వివరిస్తూ ఒకాయన రాసిన పేరా, వేసిన బొమ్మ మాత్రం ఆయనవే. నాలుగు పుస్తకాలు చదివి మీ మాటల్లో రాసుకున్న నోట్సుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చదువు కోసమైతే 'ఫెయిర్ యూజ్' కింద ఏదైనా వాడుకోవచ్చంటారు. నిజమేనా?

ఫెయిర్ యూజ్, అంటే అనుమతి లేకుండానే న్యాయమైన మేరకు వాడుకోవడం, అమెరికా మాట. అక్కడి 1976 చట్టంలో సెక్షన్ 107 అది. దేనికి వాడారు, ఎలాంటి రచన, ఎంత తీసుకున్నారు, దాని అమ్మకానికి దెబ్బ తగిలిందా అన్న నాలుగు అంశాలను కోర్టు తూచి చూస్తుంది. మన చట్టంలో ఉన్నది ఫెయిర్ డీలింగ్. ఏ వాడకం ఉల్లంఘన కాదో చెప్పే సెక్షన్ 52లో మొదటి క్లాజు అది. అది మూడు పనులకే. సొంత ఉపయోగం, పరిశోధన ఒకటి. విమర్శ, సమీక్ష రెండు. వర్తమాన వ్యవహారాల వార్తలు మూడు. బోధన ఈ మూడింటిలోనూ లేదు. బోధనకు అదే సెక్షన్‌లో విడిగా క్లాజులు రాశారు. తరగతి గది వరకు చూస్తే అవి అమెరికా పద్ధతి కంటే ఉదారమైనవే. అక్కడి విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లు చదివి ఇక్కడ అనవసరంగా భయపడేవాళ్లను చూశాను, లేని ధైర్యం తెచ్చుకునేవాళ్లనూ చూశాను. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో వారాంతపు తెలుగు బడి నడిపేవాళ్లకు మాత్రం వర్తించేది ఆ అమెరికా చట్టమే.

పది శాతం వరకు తీసుకుంటే తప్పులేదట కదా?

అందరి నోటా నలిగే మాట ఇది. చట్టంలో మాత్రం ఎక్కడా లేదు. పది శాతం, మూడు వందల పదాలు, ముప్ఫై సెకన్ల పాట లాంటి లెక్కలేవీ మన చట్టం చెప్పలేదు. పది శాతం అన్న అంకె చాలామందికి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నిబంధనల నుంచి గుర్తుండి ఉంటుంది. అక్కడ పది శాతం వరకు పోలిక కనబడితే శిక్ష లేదన్నారు. అది పీహెచ్‌డీ లాంటి పరిశోధనల సిద్ధాంత గ్రంథాల నిజాయితీకి సంబంధించిన లెక్క. కాపీరైట్‌కూ దానికీ సంబంధం లేదు. రచనలో ఎంత తీసుకోవచ్చో చట్టం అంకెతో చెప్పినది ఒక్కచోట ఉంది: బోధన కోసం ప్రచురించే సంకలనంలో ఒకే రచయిత రచనల నుంచి చిన్న భాగాలు తీసుకునేటప్పుడు, ఒక ప్రచురణకర్త అయిదేళ్లలో రెండింటికి మించి వేయకూడదు. అదీ ఆ సంకలనంలో ఎక్కువ భాగం కాపీరైట్ లేని రచనలే అయి, అది బోధన కోసమని పేరులోనే తెలిసేటప్పుడే.

రచయిత పేరు వేశాను. ఇంకా అనుమతి ఎందుకు?

పేరు వేయడం మర్యాద, పరిశోధనలో విధి. అనుమతి వేరే సంగతి. పక్కింటివాళ్ల సైకిలు తీసుకెళ్లి "ఇది ఫలానావాళ్లది" అని చీటీ అంటించినా, అడగకుండా తీసుకెళ్లినట్టే. చట్టం మినహాయింపు ఇచ్చిన సందర్భాల్లో పేరు వేస్తే చాలు. ఇవ్వని చోట పేరు వేసినా చాలదు. అలాగని పేరు మానేయకండి. హక్కులు ప్రచురణకర్తకు అమ్ముకున్న తర్వాత కూడా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు సెక్షన్ 57 కింద రచయిత దగ్గరే ఉంటుంది.

పాత తెలుగు పుస్తకాలు ఎప్పుడు అందరివీ అవుతాయి?

రచయిత కన్నుమూసిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి అరవై ఏళ్లు లెక్కపెట్టండి. గురజాడ 1915లో పోయారు, ఆయన జీవితకాలంలో వెలువడిన రచనల గురించి ఆలోచించనక్కర్లేదు. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు కాబట్టి 2014 జనవరి నుంచి స్వేచ్ఛ. జాషువా 1971లో పోయారు, 2031 డిసెంబరు 31 వరకు హక్కు ఉంటుంది. శ్రీశ్రీ 1983, అంటే 2043 చివరి వరకు. తరగతిలో శ్రీశ్రీని చదివి వినిపించడానికి ఏ అడ్డంకీ లేదు. పూర్తి సంపుటిని స్కాన్ చేసి అందరికీ పెట్టడమే కుదరదు. రచయిత మరణం తర్వాత మొదటిసారి అచ్చయిన రచనకు అచ్చయిన ఏడాది నుంచి లెక్క.

మొదట్లో ఈ గడువు యాభై ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల హక్కు 1991తో ముగియబోతుండగా, ఆ హక్కు ఉన్న, ఆయన స్థాపించిన విశ్వభారతి విశ్వవిద్యాలయం కోసమని గడువును అరవైకి పెంచారు. ఒక్కరి కోసం పెంచినది అందరికీ వర్తించింది.

మన తెలుగు అధ్యాపకులు తరచు పొరబడేది ఇంకోచోట. పోతన పద్యం అందరిదీ. దాని కింద ఇరవై ఏళ్ల కిందట ఒక పండితుడు రాసిన తాత్పర్యం అందరిదీ కాదు. అనువాదం, వ్యాఖ్యానం, పీఠిక వేటికవే విడి రచనలు. పద్యం తీసుకుని తాత్పర్యం మీరే చెప్పండి. తెలుగు మాస్టారికి అది కష్టమా?

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికింది. అంటే స్వేచ్ఛగా వాడుకోవచ్చనే కదా?

దొరకడం వేరు, హక్కు లేకపోవడం వేరు. అక్కడి తెలుగు పుస్తకాల్లో చాలా భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసినవి. వందేళ్ల నాటి పుస్తకం పక్కనే నిన్నమొన్నటి నవల కూడా ఉంటుంది. రచయిత పోయిన సంవత్సరం చూసుకోండి, అదే సరైన పరీక్ష. సొంతంగా చదువుకోవడం ఒకటి, మీ కళాశాల వెబ్‌సైట్లో మళ్లీ పెట్టడం మరొకటి.

## తరగతి గదిలో

ఒక అధ్యాయం జిరాక్స్ తీసి పిల్లలకు పంచవచ్చా?

పంచవచ్చు. బోధనలో భాగంగా అధ్యాపకుడో విద్యార్థో ఏ రచననైనా నకలు తీసుకోవడం ఉల్లంఘన కాదని సెక్షన్ 52 సూటిగా చెబుతోంది. దీని మీద దేశంలో పెద్ద కేసే నడిచింది.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీస్ అనే చిన్న దుకాణం ఉండేది. విశ్వవిద్యాలయం ఇచ్చిన లైసెన్సుతో, అధ్యాపకులు నిర్ణయించిన పాఠ్యభాగాలను జిరాక్స్ తీసి, స్పైరల్ బైండింగ్ వేసి విద్యార్థులకు ఇచ్చేది. 2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఆ దుకాణం మీదా, విశ్వవిద్యాలయం మీదా దావా వేశాయి. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం దాన్ని కొట్టేసింది. గ్రంథాలయంలో కూర్చుని చేత్తో రాసుకుంటే తప్పుకానిది, యంత్రంతో తీసుకుంటే ఎలా తప్పవుతుందన్నది ఆ తీర్పులోని తర్కం. అదే ఏడాది డిసెంబరు 9న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకాస్త స్పష్టం చేసింది: పేజీల లెక్క, శాతాల లెక్క కొలబద్ద కాదు, ఆ పాఠం చెప్పడానికి ఎంత అవసరమో అంత తీసుకున్నారా అన్నదే చూడాలి. బోధన అంటే గంట మోగినప్పటి నుంచి మళ్లీ మోగే వరకూ కాదని, ముందు తయారీ కూడా అందులో భాగమేనని కూడా తేలింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావా వెనక్కి తీసుకున్నారు.

కాబట్టి పాఠానికి అవసరమైన అధ్యాయం విషయంలో నిశ్చింతగా ఉండండి. జిరాక్స్ దుకాణం వాళ్లు తీసిచ్చినా ఫర్వాలేదు.

మరి పుస్తకం మొత్తం జిరాక్స్ తీయిస్తే?

ఇది గట్టు మీద నడక. ఢిల్లీ విశ్వవిద్యాలయం కేసులో మొత్తం పుస్తకాల సంగతి విచారణలో తేల్చాలని ధర్మాసనం కింది స్థాయికి పంపింది. ఈలోగా దావాయే ఉపసంహరించడంతో విచారణ జరగనే లేదు. బజారులో నూట యాభై రూపాయలకు దొరికే పుస్తకాన్ని తరగతి మొత్తానికి జిరాక్స్ తీయించడం పాఠానికి అవసరమని ఏ కోర్టు ముందూ వాదించలేం. అచ్చు ఆగిపోయిన పుస్తకం సంగతి వేరు. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన కోసం మూడు ప్రతుల వరకు తీసుకోవడానికి చట్టంలోనే వీలుంది.

తరగతిలో సినిమా చూపించవచ్చా?

చూపించవచ్చు. ప్రేక్షకులు మీ సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్లు అయినంత వరకు ఉల్లంఘన కాదు. టికెట్ పెట్టి ఊరివాళ్లను పిలిస్తే ఆ రక్షణ పోతుంది. ఓటీటీ ఖాతాతో చూపిస్తే మాత్రం ఆ కంపెనీతో మీరు ఒప్పుకున్న షరతులు వేరే ఉంటాయి, అవీ చూసుకోండి.

వార్షికోత్సవంలో సినిమా పాటలకు నృత్యం చేయిస్తాం. తర్వాత యూట్యూబ్‌లో పెడితే?

వేదిక మీద ఆ నృత్యం తప్పు కాదు. విద్యాసంస్థ కార్యక్రమంలో, తల్లిదండ్రులు, విద్యార్థులు, సిబ్బంది ముందు పాట వేయడానికి చట్టం ఒప్పుకుంది. చిక్కంతా వీడియోతో. యూట్యూబ్‌కు ఎక్కించిన క్షణం ప్రేక్షకులు మారిపోయారు, ఆడియో కంపెనీ హక్కు మొదలైంది.

నాకు తెలిసిన ఒక కళాశాలలో ఇదే జరిగింది. రెండు గంటల వీడియో ఎక్కించారు. మర్నాటికల్లా పాటలున్న చోట్లన్నీ శబ్దం తీసేశారు. ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసం పూర్తిగా వినిపిస్తోంది. పిల్లలు మాత్రం చీకట్లో తోలుబొమ్మల్లా నిశ్శబ్దంగా గంతులేస్తున్నారు. ఒక తల్లి దాన్నే మూడుసార్లు చూసిందట. మీకు ఆ గతి పట్టకుండా ఉండాలంటే వీడియోను పెన్‌డ్రైవ్‌లో తల్లిదండ్రులకు ఇవ్వండి. లేదా బహిరంగంగా పెట్టే అంశాలకు జానపద గేయమో, అన్నమయ్య కీర్తనో మీ విద్యార్థుల చేతే పాడించండి. రికార్డు చేసిన గాయని గొంతుకూ, రికార్డింగ్‌కూ విడి హక్కులుంటాయి, అన్నమయ్య రాసిన మాటలకు ఉండవు.

ప్రశ్నపత్రంలో కవితో కథలో భాగమో ఇస్తే అనుమతి కావాలా?

అక్కర్లేదు. ప్రశ్నలో భాగంగా ఇచ్చినా, విద్యార్థి జవాబులో రాసినా మినహాయింపు ఉంది. ఆ ప్రశ్నపత్రాలన్నీ కూర్చి పుస్తకంగా అమ్మితే అది పరీక్ష కాదు, ప్రచురణ.

చూపు లేని విద్యార్థి కోసం పుస్తకం మొత్తం చదివి రికార్డు చేయవచ్చా?

నిస్సందేహంగా. 2012 సవరణతో ఇది చట్టంలోకి వచ్చింది. బ్రెయిలీ, ఆడియో, తెరను చదివే సాఫ్ట్‌వేర్‌కు అనువైన ఫైలు, ఏ రూపమైనా సరే, పుస్తకం మొత్తమైనా సరే. అదే అవసరం ఉన్న మరో విద్యార్థికి ఇవ్వవచ్చు. సంస్థలైతే లాభం లేకుండా, ఖర్చు మేరకే తీసుకోవాలి. దృష్టిలోపం ఉన్నవారి కోసం కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. ఇంత మంచి క్లాజు ఉండి కూడా మనం ఎంత తక్కువ వాడుకుంటున్నామో తలచుకుంటే బాధ కలుగుతుంది.

## ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు

తరగతి వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పంపితే తప్పా?

ఏం పంపుతున్నారు, ఎవరికి పంపుతున్నారు అన్న రెండూ చూడాలి. రేపటి పాఠానికి అవసరమైన ఇరవై పేజీలు మీ తరగతి పిల్లలకే పంపితే, అది తరగతిలో జిరాక్స్ పంచడం లాంటిదే. చట్టంలోని క్లాజు కాగితానికే పరిమితమని ఎక్కడా అనలేదు. అయితే మన గ్రూపులు అలా ఉండవు. పోయిన ఏడాది విద్యార్థులు, వాళ్ల స్నేహితులు, ఒక కోచింగ్ సెంటరు నిర్వాహకుడు అందరూ అందులోనే. అక్కడ ఆరు వందల పేజీల పుస్తకం పడేస్తే సాయంత్రానికి అది పది టెలిగ్రామ్ చానళ్లలో తేలుతుంది. అప్పుడు బోధన అన్న మాట మిమ్మల్ని కాపాడదు. తరగతికి విడిగా గ్రూపు పెట్టి, కావలసిన పేజీలే పంపండి.

నా పాఠాల వీడియోలో ఇతరుల బొమ్మలు, పేజీలు చూపిస్తే?

విద్యార్థులు మాత్రమే లాగిన్ అయి చూసే పాఠంలో చూపడం బోధనలో భాగమే. అందరికీ తెరిచిన చానల్లో చూపడం ప్రజలకు అందించడం అవుతుంది. అక్కడ బోధన క్లాజు వర్తిస్తుందని గట్టిగా చెప్పే తీర్పు లేదు. ఒక పద్యపాదాన్నో, పేరానో తెరమీద పెట్టి విమర్శిస్తూ మాట్లాడితే విమర్శ, సమీక్ష మినహాయింపు మీకు తోడుంటుంది. పాఠ్యపుస్తకం పేజీ తర్వాత పేజీ తిప్పుతూ చదివితే ఉండదు.

గూగుల్‌లో దొరికిన బొమ్మలు స్లైడ్లలో పెట్టుకోవచ్చా?

తరగతి స్లైడ్లకు ఇబ్బంది లేదు. బహిరంగంగా పెట్టేవాటికి మాత్రం క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, అంటే కొన్ని షరతులతో వాడుకోవచ్చని హక్కుదారే ముందుగా ఇచ్చిన అనుమతి, ఉన్న బొమ్మలు వెతకండి. వికీమీడియా కామన్స్‌లో కావలసినన్ని ఉన్నాయి. లైసెన్సు పక్కన రెండక్షరాల గుర్తులుంటాయి: బీవై అంటే పేరు వేయాలి, ఎస్ఏ అంటే మీరు మార్చినదాన్నీ అదే లైసెన్సుతో ఇవ్వాలి, ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు, ఎన్‌డీ అంటే మార్చకూడదు. తెలుగు వికీపీడియా వ్యాసాలు బీవై-ఎస్ఏ కింద ఉంటాయి. తీసుకోండి, మూలం చెప్పండి, మీ నోట్సునూ అదే షరతుతో ఇవ్వండి.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితమే కదా, మా యాప్‌లో పెట్టుకుంటే?

ఉచితంగా చదువుకోనివ్వడం, తిరిగి ప్రచురించనివ్వడం ఒకటి కాదు. హక్కులు ఎన్‌సీఈఆర్‌టీవే. అనుమతి లేకుండా తమ పాఠ్యపుస్తకాలను ముద్రించి, యాప్‌లలో పెట్టి వ్యాపారం చేసుకునేవాళ్లను 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థ బహిరంగంగానే హెచ్చరించింది. విద్యార్థులకు అసలు సైటు లంకె ఇవ్వండి. లంకె ఇవ్వడానికి ఎవరూ అడ్డుచెప్పరు, పైగా పుస్తకం మారినప్పుడు కొత్తదే దొరుకుతుంది.

చందా కట్టాల్సిన పరిశోధన వ్యాసాలను అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సై-హబ్ సైటు నుంచి వ్యాసాలు తీసుకోవచ్చా?

ప్రచురణ సంస్థలు 2020లో వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2025 ఆగస్టులో ఆ సైటును నిలిపివేయమని ఆదేశించింది. దాని బదులు ముందు మీ కళాశాల గ్రంథాలయాన్ని అడగండి. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద ముప్ఫై ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు పదమూడు వేలు, ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మూడేళ్లకు ఆరు వేల కోట్ల రూపాయలు కేటాయించారు. చందా కట్టి ఉందని తెలియక దొంగదారిన వెళ్లేవాళ్లను వారానికొకరినైనా చూస్తుంటాను. అదీ కుదరకపోతే వ్యాస రచయితకే మెయిలు రాయండి. చాలామంది ఆనందంగా పంపుతారు.

## మీరే రాసినప్పుడు

నేను తయారుచేసిన నోట్సు నాదా, కళాశాలదా?

నియామక పత్రం తీసి చదవండి. ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని అని సెక్షన్ 17 అంటుంది. మీరు రాత్రి ఇంట్లో రాసుకున్న కథకు అది వర్తించదు. కళాశాల అప్పగించి చేయించిన వీడియో పాఠాలకు వర్తించవచ్చు. అతిథి అధ్యాపకులు సాధారణంగా ఉద్యోగులు కారు కాబట్టి, రాసివ్వనంత వరకు వాళ్ల రచన వాళ్లదే. ప్రచురణకర్తకు హక్కు ఇచ్చేటప్పుడు గడువు, ప్రాంతం కాగితం మీద రాయించుకోండి. రాయకపోతే గడువు అయిదేళ్లు, ప్రాంతం భారతదేశం అని చట్టమే అనుకుంటుంది.

విద్యార్థి ప్రాజెక్టును కళాశాల పత్రికలో వేయడానికి అడగాలా?

అడగాలి. విద్యార్థి ఉద్యోగి కాదు, రచన అతనిది. ఒక చిన్న చీటీ మీద సంతకం చాలు. పేరు మరిచిపోతే మాత్రం ఆ పిల్లవాడు జన్మలో మరిచిపోడు.

## చిక్కు వచ్చినప్పుడు

నిజంగా జైలుకు పంపుతారా?

తెలిసీ ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల జరిమానా. ఇది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరమని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. వ్యాపార లాభం కోసం కానప్పుడు తగిన కారణాలు రాసి శిక్ష తగ్గించే అధికారం కోర్టుకు ఉంది. తరగతి కోసం అధ్యాయం తీసుకున్న ఉపాధ్యాయుడు భయపడాల్సిన సెక్షన్ కాదిది. నకిలీ పాఠ్యపుస్తకాలు అచ్చువేసి అమ్మేవాళ్లు భయపడాలి.

కాపీరైట్ ఫిర్యాదు మీద యూట్యూబ్ స్ట్రైక్ (హెచ్చరిక) వచ్చింది. నేను తప్పు చేసినట్టేనా?

అవసరం లేదు. అది కంపెనీ వ్యవస్థ తీసుకున్న చర్య, కోర్టు తీర్పు కాదు. మీ వాడకం విమర్శ కిందకు వస్తుందనుకుంటే అక్కడే అభ్యంతరం పెట్టవచ్చు. సినిమా పాట మొత్తం పెట్టి ఉంటే మాత్రం వాదించకండి, తీసేయండి.

అనుమతి అడగడం ఎలా? ఎవరూ జవాబివ్వరు కదా?

ఇస్తారు, సరిగ్గా అడిగితే. "మీ పుస్తకం వాడుకోవచ్చా?" అని ఒక్క వాక్యం రాస్తే ఎవరు మాత్రం ఏం చెబుతారు? ఏ పుస్తకం, ఏ ముద్రణ, ఎన్నో పేజీ నుంచి ఎన్నో పేజీ వరకు, ఎంతమంది విద్యార్థులకు, ఎక్కడ పెడతారు, ఎంతకాలం ఉంచుతారు, డబ్బు తీసుకుంటారా లేదా, ఇవన్నీ ఒక పేజీలో రాయండి. తెలుగు పుస్తకాల విషయంలో హక్కు చాలాసార్లు ప్రచురణకర్త దగ్గర కాక రచయిత కుటుంబం దగ్గరే ఉంటుంది. లోపలి పేజీలో "సర్వహక్కులు" అన్న మాట పక్కన ఎవరి పేరుందో చూసి, ఉత్తరం వాళ్లకే రాయండి. ఒకసారి నేను ఒక దివంగత కథకుడి కుమార్తెకు ఇలా రాశాను. పది రోజులకు కార్డు వచ్చింది. అనుమతి రెండు వాక్యాలు. మిగతా కార్డంతా ఆ కథ రాసిన రోజు ఇంట్లో ఏం జరిగిందో. అది ఇప్పుడు ఆ పుస్తకం అట్ట లోపల అంటించి ఉంది.